వానను ఒడిసిపట్టిన నగరాలు: వర్షాకాలంలో మాయా శిథిలాల యాత్ర

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు మెక్సికో తీరంలోని కాంకూన్ కొత్త ఊరేం కాదు. హ్యూస్టన్, డాలస్‌ల నుంచి రెండు మూడు గంటల విమాన ప్రయాణం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయ పాస్‌పోర్టు మీద మెక్సికోకు విడిగా వీసా తీసుకోనక్కర్లేదు. చిక్కల్లా సెలవులతోనే. పిల్లలకు బడి ఉండనిది జూన్ నుంచి ఆగస్టు దాకా. అక్కడ వానాకాలం మే చివర్లో మొదలై అక్టోబరు దాటేదాకా నడుస్తుంది. హోటళ్లు రేట్లు తగ్గించేదీ అప్పుడే. టికెట్లు కొనేశాక వాతావరణం యాప్ తెరిస్తే వారమంతా వరసగా మేఘాలూ మెరుపుల బొమ్మలే కనిపిస్తాయి. ఇక టెన్షన్ మొదలు. బీచ్ పోతే పోయింది, మాయావాళ్ల పాత నగరం చిచెన్ ఇట్జా కూడా చూడకుండా తిరిగి రావాలా అని.

యాప్ బొమ్మ సంగతి ముందు తేల్చేద్దాం. ఉష్ణమండలంలో ఆ బొమ్మకు రోజంతా వాన అని అర్థం కాదు. పొద్దున్న ఎండ కాసి నేల వేడెక్కుతుంది, సముద్రం మీది తేమ పైకి లేస్తుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు మబ్బులు కమ్మి గంటో గంటన్నరో కుండపోతగా కురిసి వెలిసిపోతుంది. మామూలు రోజుల్లో వరస ఇదే. తుపాను వస్తే లెక్క వేరు, దాని గురించి తర్వాత. జులై, ఆగస్టుల్లో వానలు కొంచెం వెనకబట్టే రోజులు కూడా ఉంటాయి. స్పానిష్‌లో దాన్ని కనికులా అంటారు. హోటల్లో దిగినవాళ్లు హమ్మయ్య అనుకునే ఆ రోజుల్లోనే అక్కడి మొక్కజొన్న రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు.

అసలు విషయం వేరే ఉంది. మాయావాళ్లు మెక్సికో, గ్వాటెమాల ప్రాంతాల్లో వెయ్యేళ్లకు ముందే నగరాలు కట్టిన జాతి. ఆ నగరాల్లో చాలా వాటికి పక్కన నది లేదు. ఏడాదిలో నాలుగైదు నెలలు చుక్క రాలని నేల మీద, ఆరేడు నెలల వానను పట్టి దాచుకుని వేల జనం బతికిన ఊళ్లవి. పిరమిడ్లు, ముంగిళ్లు, గోడల మీది బొమ్మలు, ఆఖరికి రాజుగారి అధికారం కూడా ఆ నీళ్ల లెక్కలోనే ఇమిడి ఉన్నాయి. డిసెంబరు ఎండలో చూస్తే అందమైన రాతి కట్టడాలు కనిపిస్తాయి. వానాకాలంలో చూస్తే ఆ కట్టడాలు ఏ పని చేసేవో తెలుస్తుంది. ఎండిన చెరువును చూసి చెరువు చూశామని మనం అనుకోం కదా.

మెక్సికో ఆగ్నేయాన ఉన్న యుకటాన్ ద్వీపకల్పం మొత్తం ఒక పెద్ద సున్నపురాయి పలక. ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటీ లేదు. వర్షపాతం మరీ తక్కువేమీ కాదు, మెరిడా నగరం దగ్గర ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాద్ కంటే కాస్త ఎక్కువే. కానీ పడ్డ నీరు పడ్డట్టే రాతి పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది. కింద గుహలు, సొరంగాల్లా భూగర్భ ప్రవాహాలు ఉంటాయి. ఎక్కడైనా గుహ పైకప్పు కూలితే ఆ గుంతలో నీరు కనిపిస్తుంది. అదే సెనోటే. త్సొనోట్ అన్న మాయా మాట స్పానిష్ వాళ్ల నోట్లో పడి అలా మారింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం పడింది కూడా ఈ ద్వీపకల్పం అంచునే, చిక్షులూబ్ దగ్గర. ఆ గొయ్యి అంచు వెంబడి నేల కింద రాయి చెదిరిపోవడం వల్ల సెనోటేలు ఒక వంపు గీసినట్టు వరసగా ఏర్పడ్డాయి.

సెనోటే ఉన్నచోట ఊరు పుట్టడంలో వింత లేదు. సెనోటే లేనిచోట పెద్ద నగరం ఎలా లేచిందన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు ఉష్మాల్‌లో దొరుకుతుంది.

మెరిడాకు దక్షిణాన పుయూక్ అనే గుట్టల ప్రాంతం ఉంది, ఉష్మాల్ నగరం అందులోదే. అక్కడ భూగర్భజలం 60 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. ఇనుప పనిముట్లు లేని కాలంలో అంత లోతు బావి తవ్వడం అయ్యే పని కాదు. నేల మాత్రం సారవంతమైంది, ద్వీపకల్పంలో మంచి పంట భూమి అక్కడే. కాబట్టి నీళ్లను వాళ్లే తయారు చేసుకున్నారు. రాతిని తొలిచి సీసా ఆకారంలో నేలమాళిగ చేసి, లోపల సున్నం గచ్చు పూసి, పైన సన్నటి మూతి ఉంచి, చుట్టూ గచ్చు నేలను ఆ మూతి వైపు వాలుగా పోసేవారు. దాన్ని చుల్తున్ అంటారు. ఒక్కోదాంట్లో వేల లీటర్లు పడతాయి. ఇంటి ముంగిట్లో పడ్డ వాన మొత్తం అందులోకి వెళ్తుంది, మూతి సన్నగా ఉంటుంది గనక నీరు ఆవిరైపోదు. ఇళ్ల గుంపుకొక చుల్తున్ చొప్పున ఈ ప్రాంతంలో వేలల్లో ఉండేవి. ఉష్మాల్‌లో అడుగుపెట్టగానే జనం కళ్లన్నీ 35 మీటర్ల మాంత్రికుడి పిరమిడ్ మీదికి పోతాయి, దారి పక్కనున్న చుల్తున్ మూతిని దాటుకుంటూ వెళ్లిపోతారు. పిరమిడ్ కట్టడానికి కావలసిన జనం నిలబడింది మాత్రం అలాంటి గుంతల వల్లే.

గోడల మీద చూడండి. పొడవాటి ముక్కు వంపు తిరిగి పైకో కిందికో లేచి ఉన్న ముఖాలు, కొలువుమందిరం మూలల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఆ ముఖం వానదేవుడు చాక్‌దని చాలాకాలంగా చెబుతున్నారు. కొందరు పరిశోధకులు వాటిలో కొన్ని కొండకు ప్రాణం పోసిన రూపాలని వాదిస్తారు. కొండైనా మబ్బులు పుట్టే చోటే గనక తగాదా అంత పెద్దదేమీ కాదు. పక్కనే ఉన్న కబాలో ఒక్క భవనం ముఖభాగం నిండా ఇలాంటి ముఖాలు సుమారు 250 ఉన్నాయి. ఒకే దేవుణ్ణి అన్నిసార్లు చెక్కారంటే భక్తి కంటే భయం పాలు ఎక్కువ అనిపిస్తుంది. యుకటాన్ మాయా భాషలో చాక్ అంటే వాన అని కూడా అర్థం. ఇప్పటికీ ఆ భాష మాట్లాడేవాళ్లు మెక్సికోలో ఏడెనిమిది లక్షల మంది ఉన్నారు.

వానలో ఉష్మాల్ ప్రాంగణంలో నిలబడితే నీరు వాలు వెంట జారి చుల్తున్‌లోకి దూకుతుందని మాత్రం ఆశించకండి. గచ్చు వెయ్యేళ్ల కిందటే పోయింది, ఇప్పుడక్కడ గడ్డి. నీరు ఎక్కడికక్కడ ఇంకుతుంది. అయినా ఏ మూల ముందుగా తడి తేరుతుందో, ఏ పక్కన నిలుస్తుందో గమనిస్తే కట్టినవాళ్ల ఎత్తుపల్లాల లెక్క కొంత పట్టుబడుతుంది. సున్నం గచ్చు గురించి మనకు దగ్గరి మాట ఒకటి చెప్పుకోవచ్చు. మన పాత కట్టడాలకు గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. హోండురాస్‌లోని కోపాన్ గచ్చులో చెట్ల బెరడు రసం కలిపి ఉంటారని 2023లో వెలువడిన పరిశోధన చెప్పింది. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే, గచ్చు గట్టిపడాలి, నీటికి తట్టుకోవాలి.

పేరు కలిసినంత మాత్రాన మయుడికీ మాయావాళ్లకూ చుట్టరికం కలిపే వీడియోలు తెలుగులో చాలానే తిరుగుతుంటాయి. మాయా అన్న పేరు యుకటాన్‌లోని మాయపాన్ నగరంతో ముడిపడిన స్థానిక మాట. మయసభతో దానికి ఏ సంబంధమూ లేదు.

చిచెన్ ఇట్జా దగ్గర కథ మారుతుంది. చి అంటే నోరు, చెన్ అంటే బావి. ఇట్జా వాళ్ల బావి ముంగిట ఉన్న ఊరు. ఆ బావి సుమారు 60 మీటర్ల వెడల్పున్న సెనోటే, నిట్టనిలువు గోడలతో, నీటిమట్టం అంచుకు 20 మీటర్లకు పైగా కింద ఉంటుంది. తాగునీటికి వేరే సెనోటే వాడేవారు, దీన్ని దేవుడికి వదిలేశారు. ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ 1904 నుంచి కొన్నేళ్ల పాటు అడుగు మట్టిని తోడించి బంగారం, పచ్చరాయి, ధూపపు ముద్దలు, మనుషుల ఎముకలు బయటికి తీశాడు. అప్పట్నుంచీ కన్యలను బలి ఇచ్చేవారన్న కథ గైడ్ల నోట నలిగి నలిగి స్థిరపడిపోయింది. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన దాన్ని గట్టిగానే కదిలించింది. ఆ సెనోటే దగ్గర్లోని ఒక చుల్తున్‌లో 1967లో దొరికిన పిల్లల ఎముకల్లో 64 మందివి పరీక్షిస్తే అందరూ మగపిల్లలే అని తేలింది. కనీసం నాలుగో వంతు మందికి వాళ్లలోనే దగ్గరి రక్తసంబంధీకులు ఉన్నారు, రెండు జతల కవలలు కూడా ఉన్నారు. నీళ్లు దాచే గుంతలో పిల్లలను పెట్టారంటే వాన కోసమో పంట కోసమో అయి ఉంటుందని పరిశోధకుల ఊహ. ఈసారి గైడ్ కన్యల కథ మొదలుపెడితే ఈ సంగతి గుర్తు చేయొచ్చు.

నాలుగు పక్కలా 91 మెట్ల చొప్పున, పైన ఒకటి కలిపి 365 లెక్క కుదిరే పెద్ద పిరమిడ్ కింద కూడా నీరుందని 2015లో విద్యుత్ ప్రవాహం సాయంతో చేసిన పరీక్షల్లో తేలింది. నీటి గుహ మీద కట్టిన గుడి అన్నమాట. పగలూ రాత్రీ సమంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల సాయంత్రాల్లో మెట్ల పక్కన పాములా పాకే నీడ కోసం వేలమంది వస్తారు. సెప్టెంబరు వాళ్లు ఒకటి తెలుసుకుని రావాలి, అది వానలు ముమ్మరంగా పడే నెల. సాయంత్రం మబ్బు పడితే నీడా లేదు, పామూ లేదు. ఆ నీడ కావాలని చేసిందా, కుదిరిందా అన్న దాని మీదే పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అందుకోసం సెలవులు ఖర్చు పెట్టడం దండగే అనిపిస్తుంది.

గ్వాటెమాలలోని టికాల్‌కు వస్తే అడవి, ఎత్తు, తేమ అన్నీ పెరుగుతాయి. నాలుగో గుడి ఎత్తు సుమారు 65 మీటర్లు. పైకి ఎక్కడానికి చెక్క మెట్లున్నాయి. అక్కడి నుంచి చూస్తే వానాకాలం పొద్దున అడవి మీద పొగమంచు పరుచుకుని, మిగతా గుళ్ల నెత్తులు మాత్రమే తేలుతుంటాయి. ఉరుముకు బదులు పలికినట్టు హౌలర్ కోతులు అరుస్తాయి. కొత్తవాళ్లు పులి అనుకుని జడుసుకుంటారు.

ఇంత నగరానికి నదీ లేదు, సెనోటే లేదు. గుళ్ల మధ్య ముంగిళ్లన్నీ గచ్చు చేసి, వాలు పెట్టి, వాన నీటిని చెరువుల్లోకి మళ్లించారు. గుళ్లను, రాచభవనాలను గుట్ట నెత్తిన కట్టడంలో ఠీవి ఒక్కటే కాదు, నీళ్ల లెక్క కూడా ఉంది. ఎత్తున పడ్డ వాన ముందు రాజుగారి చెరువులోకి చేరుతుంది, తూము ఆయన చేతిలో ఉంటుంది. రాచభవనం పక్కనున్న చెరువు కట్ట సుమారు 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తు, అందులో దాదాపు 7.5 కోట్ల లీటర్లు పట్టేవని 2012లో పురావస్తు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. మాయా ప్రాంతంలో తెలిసిన ప్రాచీన ఆనకట్టల్లో అదే పెద్దది. సందర్శకులు వంతెనలా నడిచి దాటే దారి అదేనని చాలామందికి తెలియదు. రామప్ప, పాకాల చెరువు కట్టల మీద నడిచినవాళ్లకు ఆ మట్టి కట్ట వంపు చూడగానే విషయం అర్థమైపోతుంది.

ఆ చెరువుల గురించి 2020లో రెండు పరిశోధనలు వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి. ఒకటి, కొరియెంటాల్ అనే చెరువులో జియోలైట్ ఖనిజం, స్ఫటిక ఇసుకతో చేసిన వడపోత ఆనవాళ్లు దొరికాయి. జియోలైట్ అక్కడి రాయి కాదు. సుమారు 30 కిలోమీటర్ల దూరం నుంచి మోసుకొచ్చి ఉంటారు. సూక్ష్మజీవులను, లోహాలను పట్టుకునే గుణం ఆ ఖనిజానికి ఉంది. 2,000 ఏళ్ల కిందటి సంగతిది. రెండోది, రాచభవనం, గుడి పక్కనున్న చెరువుల్లో పాదరసం, విషాలు విడిచే నాచు పేరుకుపోయాయి. గోడలకు, సమాధులకు పూసిన ఇంగిలీకపు ఎరుపు ప్రతి వానకూ కొంచెం కొంచెం కరిగి చెరువులో కలిసింది. అంటే ఊళ్లో అందరికంటే గొప్పగా బతికిన రాజకుటుంబమే అందరికంటే చెడ్డ నీళ్లు తాగింది. తొమ్మిదో శతాబ్దంలో కరువులు తరుముకొచ్చి చెరువులు అడుగంటినప్పుడు ఆ విషం ఇంకా చిక్కబడి ఉంటుంది.

టికాల్‌లో తెలుగువాళ్లు వెతికి చూడాల్సినది ఇంకొకటుంది. గుడి గుమ్మాల పైదూలాలు. 1,200 ఏళ్లకు పైగా ఆ తేమలో చెదలు పట్టకుండా, కుళ్లకుండా నిలిచిన చెక్క అది. ఏ చెట్టంటే, మన సపోటా. ఆ చెట్టు సొంతూరు ఇదే. పేరు కూడా ఇటునుంచే వచ్చింది, మెక్సికోలోని నవాటల్ భాషలో త్సపొటల్, స్పానిష్‌లో సపోటే, మన తోటల్లో సపోటా. చెట్టుకు గాటు పెడితే కారే పాలే ఒకప్పుడు చూయింగ్ గమ్‌కు ముడిసరుకు. పాలు బాగా కారేది వానాకాలంలోనే కాబట్టి చిక్లేరోలు అనే గాటుకూలీలు సరిగ్గా ఆ నెలల్లోనే అడవిలో గుడిసెలు వేసుకుని తిరిగేవారు. మాయా శిథిలాలు ఎన్నింటికో బయటి ప్రపంచానికి దారి చూపింది వాళ్లే. మెక్సికో అడవిలోని మాయా నగరం కలాక్‌ముల్‌ను 1931లో విమానం లోంచి గుర్తించిన సైరస్ లండెల్ కూడా ఒక గమ్ కంపెనీకి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. పురావస్తు చరిత్రల్లో పేర్లు మిగిలింది లండెల్ లాంటివాళ్లవే, వానలో తడుస్తూ దారి కొట్టిన కూలీలవి కాదు.

పలెంకేలో ఇబ్బంది తలకిందులు. దక్షిణ మెక్సికోలోని చియాపాస్ కొండల పాదాల దగ్గర, ఏటా 2,000 మిల్లీమీటర్లు దాటే వానతో, ఊటలతో, ఊరి మధ్యలోంచి దూకే వాగులతో నీళ్లు ఎక్కువైన నగరం అది. దాని ప్రాచీన నామం లకమ్‌హా, అంటే పెద్ద నీరు. అక్కడ ఇంజనీర్ల పని నీళ్లు పట్టడం కాదు, తప్పించడం. ఒటొలుమ్ వాగును రాతి కప్పున్న కాలువలో పెట్టి, దాని మీద ముంగిలి పరిచి, చదునైన చోటు తక్కువున్న ఊళ్లో స్థలం సంపాదించారు. ఇంకో కాలువను చివర్లో ఇరుకుగా కట్టి నీరు ఒత్తిడితో పైకి చిమ్మేలా చేశారని 2009–10 ప్రాంతంలో పరిశోధకులు చూపించారు. డిసెంబరులో ఒటొలుమ్ కాలువ పక్కన మెల్లగా గలగలమనే నీటిని దాటిపోతారు. జులైలో జోరుగా కురిశాక అదే కాలువ హోరుమంటుంది. వానలో చూడాల్సిన ఒక్క మాయా నగరం పేరు చెప్పమంటే పలెంకేకే ఓటు.

అక్కడి శాసనాల గుడి అడుగున రాజు పకాల్ సమాధి ఉంది. ఆయన చనిపోయింది 683లో. మెక్సికో పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్టో రుస్ ఆ గదిలోకి అడుగుపెట్టింది 1952లో. ఆ 1,269 ఏళ్లలో గుడి రాళ్ల గుండా కారిన వాన నీరు సున్నాన్ని కరిగించి దించి, గదిలో తెరలు వేలాడదీసినట్టు స్టాలక్టైట్లు, అంటే పైకప్పు నుంచి దిగే సున్నపు ఊడలు, కట్టేసింది. సహజ గుహల్లో ఏర్పడేవి మనిషి కట్టిన గదిలో ఏర్పడ్డాయి.

ఇంత నేర్పరులు చివరికి నగరాలు వదిలేసి ఎందుకు పోయారు? కరువు అన్న జవాబు 1995లో బలపడింది. యుకటాన్‌లోని చిచన్‌కనాబ్ సరస్సు అడుగు మట్టిలో, నీరు ఇంకిపోయినప్పుడు పేరుకునే జిప్సం పొరలు తొమ్మిదో, పదో శతాబ్దాల దగ్గర దట్టంగా కనిపించాయి. అదే సరస్సు మట్టిని 2018లో మరో పద్ధతిలో కొలిస్తే వర్షపాతం సగం దాకా, మరీ గడ్డుకాలాల్లో 70 శాతం దాకా పడిపోయి ఉంటుందని వచ్చింది. 2025లో ఒక యుకటాన్ గుహలో నేల మీంచి పైకి పెరిగిన సున్నపు దిమ్మ, అంటే స్టాలగ్మైట్, పొరలను చదివి ఇంకా సన్నటి లెక్క చెప్పారు. 871, 1021 మధ్య, మూడేళ్లు అంతకుమించి సాగిన కరువులు ఎనిమిది వచ్చాయి. వాటిలో ఒకటి ఏకంగా 13 ఏళ్లు. అందులో ముఖ్యమైన సంగతి, అవన్నీ వానాకాలంలో వానలు ముఖం చాటేసిన కరువులు. ఏడాది మొత్తం వాన ఎంతన్నది రైతుకు అక్కరకు రాదు, విత్తనం వేశాక పడిందా లేదా అన్నదే లెక్క. ఆ ముక్క మన మెట్ట రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కానీ కరువొక్కటే కారణమని చెప్పేస్తే పలెంకే అడ్డం తిరుగుతుంది. నీళ్లకు కొదవలేని ఆ నగరంలో దొరికిన చివరి తేదీ 799. కరువులు ముదరకముందే అక్కడి రాజ్యం ఆరిపోయింది. ఎడతెగని యుద్ధాలు, పెరిగిన రాచకుటుంబాల పోషణ, తెగిపోయిన వర్తక దారులు, సున్నం బట్టీల కోసమూ చేల కోసమూ నరికిన అడవి, వీటన్నిటి పాలూ ఉంది. వాన తెప్పిస్తానని చెప్పుకుని గద్దెనెక్కిన రాజు మాట మీద నమ్మకం ఎప్పుడు పోయిందో శాసనాల్లో ఎవరూ రాయలేదు, రాయరు కూడా. జనం మాత్రం పోలేదు. ఊళ్లు మారారు. వాళ్ల వారసులు లక్షల్లో అక్కడే ఉన్నారు.

వాళ్లలో రైతులు వానలు వెనకబడితే చా చాక్ అనే మొక్కు ఇప్పటికీ జరుపుతారు. పచ్చి కొమ్మలను వంచి కట్టిన పందిరి కింద బల్ల పెట్టి, మొక్కజొన్న రొట్టెలు, బాల్చే అనే పులియబెట్టిన పానీయం పెడతారు. బల్ల నాలుగు మూలలా చిన్నపిల్లలు కూర్చుని కప్పల్లా బెకబెకమంటారు. కప్పతల్లి ఆట చూసిన తెలుగువాళ్లకు ఇది చదవగానే నవ్వో ఆశ్చర్యమో రావడం ఖాయం. ఇక్కడ రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయిస్తారు. రెండింటికీ చరిత్రలో సంబంధమేమీ లేదు. కప్ప అరిచాక వాన పడుతుందన్నది రెండు చోట్లా కళ్లతో చూసిందే.

నగరాలను పోషించిన వానే ఇప్పుడు వాటిని తినేస్తోంది. సున్నపురాయి, ఆ రాళ్ల మధ్య సున్నం, రెండూ కాస్త ఆమ్లగుణం ఉండే వాన నీటికి కరుగుతాయి. పైనున్న గచ్చు తొక్క ఊడితే నీరు లోపలి రాళ్ల పోగులోకి దిగుతుంది, లోపల బరువెక్కి గోడ బయటికి ఉబ్బుతుంది. 2024 జులైలో మెక్సికో పశ్చిమాన ఇహువాట్సియోలో ఒక పిరమిడ్ పక్కభాగం రాత్రికి రాత్రి జారిపోయింది. అది మాయాలది కాదు, పురెపెచా జాతివాళ్లది, కానీ జబ్బు అదే. ముందు కరువుకూ వేడికీ పగుళ్లు వచ్చాయి, తర్వాతి వానలకు నీరు వాటిలోకి దిగింది. కోపాన్‌లో 2,200 దాకా చిత్రలిపి అక్షరాలున్న మెట్లవరసకు 1985 నుంచి పైన గుడ్డ కప్పు వేసి ఉంచారు. ఫొటోకు అడ్డమని సణిగేవాళ్లుంటారు. మాయా లిపిలో దొరికిన శాసనాల్లో అన్నిటికంటే పొడవైనది అదేనని తెలిస్తే సణుగుడు ఆగుతుందేమో.

చియాపాస్‌లోని మరో మాయా ఊరు బోనాంపాక్‌లో మాత్రం వాన వింతగా ప్రవర్తించింది. ఎనిమిదో శతాబ్దం చివర గోడలకు వేసిన రంగుల చిత్రాల మీద, పైకప్పులోంచి ఊరిన నీరు పల్చటి సున్నపు పొర కట్టింది. రంగులు మసకబారాయి, కానీ ఆ పొర కిందే భద్రంగా ఉన్నాయి. 1946లో అవి బయటి ప్రపంచానికి తెలిశాక ఫొటోల కోసం గోడల మీద కిరసనాయిలు పూశారు, కాసేపు పొర పారదర్శకమై బొమ్మలు మెరిసేవని. వెయ్యేళ్లకు పైగా కాపాడిన వానకంటే కొన్నేళ్ల మనుషుల ఆత్రమే ఎక్కువ చెరుపు చేసిందన్నమాట. మెట్లెక్కనివ్వట్లేదని ఇప్పుడు విసుక్కునేవాళ్లు ఇదీ లెక్కలో వేసుకోవాలి. చిచెన్ ఇట్జా పెద్ద పిరమిడ్ ఎక్కడం 2006 నుంచి మూసేశారు. తడిసి నాచు పట్టిన సున్నపురాయి మెట్లు, అందులోనూ ఏటవాలుగా, పాదం పట్టనంత ఇరుకుగా ఉండేవి, వానాకాలంలో ఎక్కనివ్వకపోవడమే మేలు.

ఇక వెళ్లదలచినవాళ్ల సంగతి. జూన్, జులైలకు భయపడనక్కర్లేదు, సెప్టెంబరు, అక్టోబరులకు మాత్రం ఆలోచించాలి. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉన్నా, జోరంతా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకానే. 2005 అక్టోబరులో విల్మా తుపాను కాంకూన్ మీద తిష్ట వేసినప్పుడు పక్కనున్న ఇస్లా ముహేరెస్ దీవిలో 24 గంటల్లో 1,600 మిల్లీమీటర్లకు పైగా కురిసింది, హైదరాబాద్‌లో దాదాపు రెండేళ్లకు కురిసేంత. అరుదుగా జులైలోనూ రావచ్చు. 2024 జులై 5న బెరిల్ తుపాను కాంకూన్‌కు దక్షిణాన ఉన్న తులుమ్ దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే శిథిలాలను మూసేస్తారు. మార్చుకోవడానికి వీలున్న టికెట్లు, ఒకటి రెండు ఖాళీ రోజులు పెట్టుకోవడం తప్ప దీనికి ఉపాయం లేదు.

రోజు ఎలా గడపాలన్నది తేలికే. గేటు తీసేది పొద్దున ఎనిమిదికి, అప్పటికి అక్కడుంటే మబ్బులు కమ్మేలోపు చూడాల్సింది చూసేయొచ్చు, కాంకూన్ బస్సుల గుంపులు దిగేలోపు కూడా. మధ్యాహ్నం మ్యూజియానికి. మెరిడాలోని పెద్ద మాయా మ్యూజియం, కాంకూన్‌లోని మాయా మ్యూజియం రెండూ 2012లో తెరిచారు, రెండింట్లోనూ ఓ సాయంత్రం పొద్దు తెలియదు. గొడుగు కంటే తల మీది నుంచి తొడుక్కునే ప్లాస్టిక్ కోటు నయం, చేతులు ఖాళీగా ఉంటాయి. చెప్పులు వద్దు, అడుగున గాట్లున్న బూట్లే వేసుకోవాలి. దోమల మందు మర్చిపోకూడదు, డెంగీ అక్కడా ఉంది. పెద్ద వాన తర్వాత తెరిచి ఉండే సెనోటేల్లో నీరు బురదగా మారుతుంది, ఉరుములు మొదలైతే అందులో ఈదడం ప్రమాదం. బెలీజ్‌లో ఏరు ఈది వెళ్లి ఎముకలూ కుండలూ చూసే ఆక్టున్ టునిచిల్ ముక్నాల్ గుహ ఉంది, ఏటికి నీరొస్తే దాన్ని మూసేస్తారు. ఆ గుహనే చూడాలనుకుంటే వానాకాలం వదిలేసి మార్చి, ఏప్రిల్ పెట్టుకోవాలి. ఉసుమసింటా నది మీద పడవలో చేరే యష్చిలాన్‌దీ అదే సంగతి, నది ఉరవడి చూసుకుని పడవవాళ్లు చెప్పినట్టే నడుచుకోవాలి.

చూస్తుండగానే వాన అందుకుంటే చెట్టు కిందికి మాత్రం పరుగెత్తొద్దు. ఉష్మాల్‌లాంటి చోట్ల సందర్శకులకు తెరిచి ఉంచిన రాతి గదులుంటాయి, వాటిలో నిలబడొచ్చు. అలా నిలబడ్డప్పుడు ఓసారి తలెత్తి పైకప్పు చూడండి. రెండు గోడల రాళ్లూ ఒక్కో వరసకు కాస్త కాస్తగా ముందుకు జరుగుతూ వచ్చి పైన ఒక్క రాయి వెడల్పున కలుసుకుంటాయి. అసలైన కమాను వాళ్లు కట్టలేదు, ఇలా పేర్చారు. అందుకే గదులన్నీ ఇరుకు. చేరిక దగ్గర ఎక్కడెక్కడ చుక్క చుక్కగా కారుతుందో చూస్తే పైన గచ్చు ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. గోడకు ఆనుకోకుండా నిలబడితే చాలు.